చప్టా దాటినంక పగిలిన ఇంజను

మా తావ కారు నీళ్లలో మునిగి చెడిపోయిందని ఎవరికన్నా చెప్తే మొగం మీదనే నవ్వుతారు. తాగేకే నీళ్లు లేని సీమలో కారు మునిగేంత నీళ్లు యాడ నుంచి తెచ్చినావప్పా అంటారు. ముప్పై ఏండ్లుగా ఆదోని రోడ్డు పక్కన రేకుల షెడ్డు వేసుకొని బండ్లు బాగుచేస్తాండా. నా కాడికి వచ్చే రోగాలన్నీ దుమ్ము రోగాలు, ఎండ రోగాలు. ఎయిర్ ఫిల్టరు ఇప్పితే దోసెడు ఎర్రమన్ను రాల్తాది. నీళ్లు పోయిన ఇంజన్లు నేను చూసినవి ఒక చేతి వేళ్లకు ఎక్కువ కావు. అందులో ఒకటి మాత్రం నన్ను ఇడిచిపెట్టలేదు. అది చెప్దామనే కూచున్నా. చెప్పుకొని గొప్ప పొందేదేమీ లేదు, ముందే చెప్తాండా.

ఆ కారు మా పక్క ఒక పెద్ద మనిషిది. పసిబిడ్డ నుంచి ముసలోళ్ల దాకా ఆయన్ను అందరూ అన్న అనే అంటారు. నేనూ అదే అంటా. వాళ్ల తాతలు సేద్యం చేసినారు, ఈయన కాంట్రాక్టులు, రాజకీయం. నా షెడ్డు ఉండేది వాళ్ల జాగాలోనే. కరెంటు తెప్పించింది ఆయనే. ఇన్నేండ్లలో బాడుగ అని నోరు తెరిచి అడగలేదు. అడిగింటే బాగుండు. బాడుగ కట్టేటోడికి రోంతన్నా నోరుంటాది.

ఆయన డ్రైవరుది కోసిగి అవతల ఒక పల్లె. నలభై దాటినాయి, అయినా నాకు పిల్లోడే. వాళ్లు తాతల కాలం నుంచి క్రైస్తవులు, ఆదివారం చర్చికి పోకుండా ఉండరు. నన్ను మామా అని పిలుస్తాడు. కులం కలిసి కాదు, మతం కలిసి కాదు. పదకొండేండ్లు నా షెడ్డు ముందర బండి ఆపి టీ తాగిన చనువు అది.

వాళ్ల పల్లెలో దసరా పోయినంక సగం ఇండ్లకు తాళాలు పడ్తాయి. దాన్ని మేము సుగ్గికి పోయేది అంటాం. సట్లు, చాపలు, బియ్యం మూటలు, ఆఖరికి కోళ్లతో సహా లారీ ఎక్కి గుంటూరు పక్క మిరపకాయలు కోసేకి పోతారు. మళ్ళా ఎండలు ముదిరినంక వస్తారు. పిల్లోళ్లు గూడ వెంటనే పోతారు కాబట్టి వాళ్ల సదువు ఏడాదిలో సగమే. ఈ డ్రైవరు అట్ల సగం సగం సదివి నాలుగో తరగతిలో ఆగిపోయినోడే. అన్న కాడ ఉద్యోగం దొరికినంక వాళ్ల ఇంటికి తాళం పడలేదు. ఆయప్ప బిడ్డ ఒక్క ఏడు గూడ మధ్యలో ఆపకుండా పదో తరగతి పాసయి, ఆదోనిలో ఇంటరు సదువుతాండె. పొద్దున ఏడింటి బస్సుకు పోయి సాయంత్రం ఆరింటి బస్సుకు వచ్చేది. వాళ్ల వీధిలో అంత దాకా సదివిన పిల్ల ఇంకోతి లేదు. బండి తుడుస్తా తుడుస్తా ఆయప్ప నాతో చెప్పే మాటలన్నీ ఆ పిల్లవే. ఈ ఉద్యోగం పోతే ఆ పిల్ల లారీ ఎక్కాల్సిందే, అది ఆయప్పకు తెల్సు, నాకు తెల్సు. తెల్సి చేసినా నేను చేసింది.

మొన్న వానాకాలం మూడు దినాలు ఇడవకుండా కొట్టింది. అన్న వాళ్ల ఊరి పక్క వంక ఉండాది. ఉండాది అంటే ఇసుకే. ఆ ఇసుకలో పిల్లోళ్లు క్రికెట్ ఆడుకుంటారు. శానా ఏండ్లకు ఆ వంక వచ్చింది. వంక వస్తే మా ఊర్లల్లో పొయ్యి మీద అన్నం ఇడిచిపెట్టి చూసేకి పోతారు. పెద్దింటోళ్లు పోయి కొత్తనీళ్లకు పసుపు, కుంకుమ, రవికె గుడ్డ ఇచ్చి టెంకాయ కొట్టాల. కొట్టినంక నీళ్లకు వీపు చూపి ఎనిక్కి రాకూడదు. ఎనిక్కి తిరిగితే గంగమ్మ అలిగి మళ్ళా ఎన్నేండ్లకు గానీ రాదని నమ్మకం. మామూలుగా మోకాటి లోతు ఉంటాయి కాబట్టి పంచె ఎగగట్టి అవతలికి దాటి, నీళ్లు తగ్గినంక ఇంటికి వస్తారు. అన్న వాళ్ల నాయన అట్లనే దాటినాడంట. ఆ పొద్దు నీళ్లు మోకాటి లోతు లేవు. అన్నకు పంచె లేదు, కారుండె.

వంకకు అడ్డంగా సిమెంటు చప్టా ఉండాది. బస్సులు దాని మీదనే పోతాయి. టెంకాయ కొట్టి అన్న కార్లో కూచొని పోనీ అన్నాడంట. డ్రైవరు దిగి చూసి, చప్టా అంచు రాళ్లు కనపడటం లేదన్నా, కొత్త నీళ్లు, రోంతసేపు చూద్దామన్నాడంట. ఊరంతా గట్టు మీద నిలబడి చూస్తాండాది, సగం మంది ఫోన్లు ఎత్తి పట్టుకొని ఉండారు. అంత మందిలో ఎనిక్కి తిరిగేది అన్న వల్ల యాడయితాది? పోనీరా అన్నాడు. పోనిచ్చినాడు. బండి నీళ్లు చీల్చుకొని పోయే వీడియో ఆ పొద్దు మా మండలంలో ప్రతి ఫోన్లోనూ తిరిగింది. ఏదో పాట గూడ తగిలించినారు ఎనక. ఆ వీడియో చప్టా నడిమి దాకనే ఉంటాది.

తొమ్మిది గంటలప్పుడు నాకు ఫోను వచ్చింది. డ్రైవరే చేసినాడు. చప్టా మీద బండి ఆగిపోయిందంట, నీళ్లు హెడ్‌లైట్ల దాకా ఉండాయంట. నాకు పని నేర్పిన సాయిబు ఒకటి చెప్పేవాడు. పానా పట్టకముందు, బానెట్టు ఎత్తకముందు, ఆఖరున ఏం శబ్దం వచ్చిందో అడుగు, సగం రోగం ఆడనే తెలుస్తాది అని. అదే అడిగినా. దగ్గినట్ల రెండు మార్లు దగ్గి మెల్లగా ఆగిపాయ మామా, ఢమ్మని గాని, లోపల కొట్టుకున్నట్ల గాని ఏమీ రాలేదు అన్నాడు. సెల్ఫ్ కొట్టినావా అన్నా. లేదు మామా, కీ తీసి జేబులో ఏసుకున్నా అన్నాడు.

నా పానం కుదుటపడింది. గాలి పీల్చే తావ నీళ్లు పీల్చి ఆగింది ఇంజను, అంతే. గాలిని నొక్కితే నలుగుతాది. సైకిలు పంపుకు వేలు అడ్డం పెట్టి నొక్కి చూడు, రోంత దిగుతాది. అదే పంపులో నీళ్లు నింపి నొక్కు, ఎంత మొగోడు నొక్కినా దిగదు. ఇంజన్లో పిస్టను పైకి లేస్తే పైన నీళ్లుంటాయి, అవి పోయేకి దోవ లేదు. అప్పుడు బలవంతంగా తిప్పితే పిస్టను కింద ఉండే రాడ్డు వంగుతాది, ఇంకా బలం పెడితే ఇరుగుతాది. తిప్పకుండా ఇడిచిపెడితే ఏమీ కాదు. ఇంజెక్టర్లు ఊడదీసి, నీళ్లు చిమ్మించి, ఆయిలు, ఫిల్టరు మార్చితే సాయంత్రానికి లేస్తాది. నా చేతులతో రెండు బండ్లు లేపినా అట్ల.

"కీ ముట్టొద్దు. గేరు న్యూట్రల్లో పెట్టి ట్రాక్టరుతో ఇవతల ఆదోని పక్క గట్టుకు లాగించు. ఆడ ఆపి పెట్టు. నేను వచ్చేంత వరకు ఎవరు చెప్పినా స్టార్టు చెయ్యొద్దు," అన్నా.

"సరే మామా."

ఆ మాట ఆయప్ప నిలబెట్టుకున్నాడు. నిలబెట్టుకోనిది వేరేటోళ్లు.

రోడ్డు రెండు చోట్ల తెగి నా మోటారు సైకిలు చుట్టు తిరిగి పోయేసరికి పదకొండయింది. నేను ఆదోని పక్క నుంచి పోతాను కాబట్టి చప్టాకు ఇవతల గట్టు మీదనే కారు కనపడింది. కారు ముందర ట్రాక్టరు, మధ్యలో ఇనుప తాడు వదులుగా పడుండాది. చుట్టూ ముప్పై మంది. ట్రాక్టరు ఎక్కి ఊరి పక్క నుంచి దాటి వచ్చినోళ్లే సగం మంది. అన్న కారుకు ఆనుకొని సిగరెట్టు తాగుతాండాడు. డ్రైవరు దూరంగా కిలోమీటరు రాయి మీద కూచున్నాడు, ప్యాంటు తొడల దాకా తడిసిపోయి ఉండాది. నన్ను చూసి లేచినాడు గాని దగ్గరికి రాలేదు.

ముందు కారు చూడలేదు నేను. రోడ్డు చూసినా. నీళ్ల అంచు నుంచి అరవై అడుగుల దాకా వట్టి తడి చక్రాల గుర్తులే. ఆడి నుంచి ఎనక చక్రాలు రెండూ తిరక్కుండా ఈడ్చుకొని పోయిన నల్ల గీతలు మొదలయినాయి. చక్రాలు ఎందుకు తిరగలేదంటే బండి గేర్లో ఉండాది, ఇంజను పట్టేసి ఉండాది. ఆ గీతలు ఒక తావ తటాలున ఆగిపోయినాయి. ఆగిన తావనే ఆయిలు. ఆయిల్లో రెండు ఇనుప ముక్కలు. చప్టా కాడ చూసినా, నీళ్ల అంచున చూసినా, ఒక్క చుక్క ఆయిలు లేదు. ఇంజను నీళ్లలో చావలేదు. దాన్ని బతికించి బయటికి తెచ్చి, ఎండిన రోడ్డు మీద పెట్టి చంపినారు.

కారు కిందకు దూరి చూసినా. ఇంజను బ్లాకుకు నా పిడికిలి పట్టేంత బొక్క. లోపల ఇరిగిన రాడ్డు కొస కనపడ్తాండాది. ఇంక బానెట్టు ఎత్తేదానికి గూడ ఏమీ లేదు, అయినా ఎత్తినా. ఆయిలు గేజి లాగినా. ఏందో చూస్తాండా అన్నట్ల శానాసేపు చూసినా. నా చేతులు పని చేస్తాండాయి గాని నా బుద్ధి అప్పుడే వేరే లెక్కలు వేసుకుంటాండాది. థూ, నా బతుకు.

తాడు చుట్టేకి వచ్చిన ట్రాక్టరాయన బానెట్టు చాటున చెవిలో చెప్పినాడు. మా పక్క ఏ బండి మొరాయించినా మందు ఒకటే, తోసి స్టార్టు చేసేది, తోస్తే కాకుంటే ట్రాక్టరుకు కట్టి గేర్లో ఏసి లాగేది. పాత జీపుల కాలం నుంచి అదే అలవాటు. డ్రైవరు వద్దే వద్దు, మామ ఆపి పెట్టమన్నాడు అని తాడుకు అడ్డం నిలబడినాడంట. మీ మామ పుట్టకముందు నుంచి జీపులు నడుపుతాండామురా మేము అని అన్న కీ గుంజుకొని తానే స్టీరింగు ముందర కూచొని, రెండో గేరు వేసి, లాగప్పా అన్నాడంట. చక్రాలు తిరక్కుంటే ఇంకా గట్టిగా లాగప్పా అన్నాడంట. ఢమ్మన్న శబ్దానికి గట్టు మీద కొంగలు లేచినాయంట. అప్పుడు ఎవరూ ఫోన్లు ఎత్తలేదు.

నేను బయటికి వచ్చి చేతులు తుడుచుకుంటాంటే అన్న సిగరెట్టు పారేసి నా భుజం మీద చెయ్యి వేసినాడు. ఆ చెయ్యి బరువు నాకు ఇప్పటికీ తెలుస్తాది. ఆయన కోపంగా లేడు. ఆయన మొగంలో అంతవరకు నేను చూడనిది ఒకటి ఉండె, సిగ్గు. ఊరి ముందర సిగ్గు. దాన్ని యాడన్నా దించుకోవాల, ఎవరి మీదన్నా.

"వీడు నీళ్ల నడుమ సెల్ఫ్ కొట్టి కొట్టి అప్పుడే చంపింటాడు. ట్రాక్టరుకు కట్టకముందే పోయింది గదప్పా?" అన్నాడు. అందరికీ వినపడేట్లనే అన్నాడు.

ముప్పై మంది నా నోటి కల్లా చూస్తాండారు. అందులో సగం మంది ఆ శబ్దం వినినోళ్లే. డ్రైవరు గూడ చూస్తాండాడు. ఆయప్ప మొగంలో భయం లేదు, అదే నన్ను చంపుతాది. మామ వచ్చినాడు, మామకు తెల్సు, మామ చెప్తాడు అని నిమ్మళంగా చూస్తాండాడు.

"పోయిందన్నా. ముందే పోయింది," అన్నా.

అంతటితో ఊరుకున్నా రోంత మేలు. ఎవరూ అడక్కుండానే ఇవరం గూడ చెప్పినా. నీళ్లలో సెల్ఫ్ కొట్టినప్పుడే లోపల రాడ్డు ఇరిగింటాదని, లాగినప్పుడు ఆ ఇరిగిన ముక్క బయట పడిందని, శబ్దం దానిదేనని. ముప్పై ఏండ్లు నేర్చుకున్న పనంతా ఆ అబద్ధానికి అతికేసినా. వినేటోళ్లు తల ఊపినారు. మేస్త్రీ చెప్పినాడు గదా. ట్రాక్టరాయన తాడు చుట్టుకుంటా నా పక్క చూడనే లేదు.

డ్రైవరు నోరు తెరిచినాడు. మామా, నేను కీ జేబులో అని ఏదో అనబోయినాడు. అన్న చెయ్యి చాపినాడు. ఆయప్పకు అర్థం కాలేదు మొదట. రోంతసేపటికి దగ్గరికి వచ్చి, జేబులో ఉండే పెట్రోలు బంకు చీటీలు, బండి కాగితాల కవరు అన్నీ తీసి బానెట్టు మీద పెట్టినాడు. పదకొండేండ్ల ఉద్యోగం అంతే. అన్న తిట్టలేదు, కొట్టలేదు. రేపటి నుంచి రావాకు అన్నాడు. ఆయప్ప నడుచుకుంటా బస్సు రోడ్డు పక్క పోయినాడు. నా మోటారు సైకిలు మీద దించుతానని నేను గూడ అనలేదు. ఏ మొగం పెట్టుకొని అంటా?

కారు నా షెడ్డుకే వచ్చింది. ఇంజను ఇప్పింది నేనే. రాడ్డు ఎట్ల ఇరిగిందో ఇప్పి చూస్తే చిన్న పిల్లోడికి గూడ తెలుస్తాది. పాత ఇంజను పక్కన పెట్టి వేరే ఇంజను వేసి ఇచ్చినా. అన్న చూసి బాగుండాదప్పా అన్నాడు. కొత్త డ్రైవరు వచ్చినాడు. ఆయన నాకు నమస్కారం చేసి దూరంగా నిలబడ్తాడు. టీ తాగడు.

ఇంట్లో నా భార్యకు చెప్పినా ఒక దినం. ఆమె అన్నం వడ్డిస్తాండెది. షెడ్డు పోయింటే మనం యాడికి పోతాంటిమి అనింది. నన్ను సమాధాన పెట్టేకి అనింది. యాడికి పోతాంటిమి? సుగ్గికి పోయేటోళ్లం కాదు. నా చేతుల్లో పనుండాది. ఆదోనిలో ఏ సందులో కూచున్నా నాకు బండ్లు వస్తాయి. ఆయప్ప చేతిలో ఉండేది ఒక్క స్టీరింగే. అది నేను పెరికిస్తి.

దసరా పోయి నెల తిరిగినంక ఒక మధ్యాహ్నం డ్రైవరు షెడ్డుకు వచ్చినాడు. గడ్డం పెరిగింది, రోంత చిక్కినాడు. నేను లేచి కుర్చీ వేసినా. కూచోలేదు. వేరే యాడా ఉద్యోగం దొరకలేదంట. ఇంజను చంపినోడని పేరు పడింది గదా, ఎవరు స్టీరింగు ఇస్తారు? మర్నాడు లారీ అని చెప్పినాడు. భార్య, బిడ్డ అందరూ పోతాండారు. వయసొచ్చిన పిల్లను తాళమేసిన ఇంట్లో ఎట్ల ఇడిచిపోయేది అన్నాడు. పరీక్షలకు వస్తాదిలే మామా, పుస్తకాలు మూటలో పెట్టుకునింది అన్నాడు. ఆ మాట చెప్పేటప్పుడు నవ్వేకి చూసినాడు. నేను తల ఎత్తలేదు.

షెడ్డులో ఇంకెవరూ లేరు. రోడ్డు మీద గూడ ఎవరూ లేరు. ఆయప్ప దగ్గరికి వచ్చి మెల్లగా అడిగినాడు.

"ఒక్కటడుగుతా మామా. నువ్వు ఇంజను ఇప్పి చూసినావు గదా. నిజంగా నీళ్లలోనే పోయిందా?"

చెప్పుండొచ్చు. అన్న లేడు, ముప్పై మంది లేరు, నా భుజం మీద చెయ్యి లేదు. లేదప్పా, నువ్వేమీ చెయ్యలేదు, నేను అబద్ధం చెప్పినా అని అనేకి ఎంతసేపు? షెడ్డు పోతాదన్న భయం గూడ ఆ గడియలో లేదు నాకు, ఒట్టేసి చెప్తాండా. నిజం చెప్తే ఆ పొద్దు ఎందుకు చెప్పలేదు మామా అని అడుగుతాడు. ఆ ఒక్క ప్రశ్నకు భయపడినా. ఆయప్ప కండ్ల ముందర రోంతసేపు చిన్నోన్ని అయ్యేదానికి భయపడినా. మొదటి అబద్ధం అన్న కోసమని, షెడ్డు కోసమని ఏదో ఒకటి చెప్పుకోవచ్చు. రెండోదానికి ఎవరి పేరూ లేదు, నా పేరే.

"నీళ్లలోనేనప్పా," అన్నా.

 ఆయప్ప కుడి చెయ్యి ఎత్తి, తన చెయ్యి తనకే కొత్తగా ఉన్నట్ల చూసుకున్నాడు.

"అట్లయితే నేనే తిప్పింటా మామా. నువ్వు వద్దని చెప్పినంక గూడ భయంలో తిప్పింటా. మొన్న నుంచి నాకే తిప్పినట్ల గుర్తొస్తాండాది. ఇన్ని దినాలు ఊరికే అన్నను తిట్టుకున్యా, నిన్ను గూడ తిట్టుకున్యా. చర్చిలో కూచొని తిట్టుకున్యా. మనసులో పెట్టుకోవాకు మామా."

రెండు చేతులు జోడించినాడు. నా రెండు చేతులకూ ఆయిలు ఉండాది. తిరిగి దండం గూడ పెట్టలేదు నేను.

"పరవాలేదులే, పో," అన్నా.